నలభై ముడుల స్వెట్టరు

నా చిన్నప్పుడు, పలమనేరు దగ్గర జరిగిన ఉన్ని సంతలో, ముక్కూ మొహం తెలియని ఒక ముసలమ్మ నా చేతిలోని స్వెట్టరు తీసుకుని, సూదులు పీకేసి, కొస పట్టుకుని సరసరా గుంజేసింది. నెలన్నర కష్టం అది. ఒక్క భుజం అల్లితే అయిపోయేది. నేను నోరు తెరిచేలోగా సగం వీపు దారమై ఆమె ఒళ్ళో పడింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు.

అది మా నాయన కోసం అల్లుతున్న చేతుల్లేని స్వెట్టరు. తిరుచానూరులో మాది పూలు కట్టే ఇల్లు. ధనుర్మాసమంతా నాయన తెల్లారకముందే సైకిలు మీద తోటలకు పోయి పూలు తెచ్చేవాడు. మంచులో తిరిగి ఏటా దగ్గు తెచ్చుకునేవాడు. ఆ ఏడు ధనుర్మాసం పట్టకముందే ఆయన ఒంటి మీద స్వెట్టరు ఉండాలని నా పంతం. పక్కింటి అక్క అల్లిక నేర్పి, తన దగ్గర మిగిలిన ఉన్ని తుంపులన్నీ నాకిచ్చింది. ఒక తుంపు అయిపోగానే ఇంకోటి ముడేసుకుంటూ పోయాను. పూలు కట్టే ఇంటి పిల్లకు ముడి వేయడం ఒకరు నేర్పాలా?

చివరికి తుంపులూ అయిపోయాయి. అక్క ఎవరో చెప్పిన మాట పట్టుకుని, "ఆడ ఉన్ని కుప్పలు కుప్పలుగా ఉంటాదంట, పోదాం రా" అంది. ఇద్దరికీ అదే మొదటి ఉన్ని సంత. రంగురంగుల ఉండలు వరసగా పేర్చి ఉంటాయనుకున్నాం. రెండు బస్సులు మారి, వణుక్కుంటూ దిగితే ఎటు చూసినా గొర్రెలు, పెంట, అరుపులు. అప్పుడే కత్తిరించిన బొచ్చు గోనెపట్టాల మీద పోసి ఉంది, దాన్నిండా పల్లేరుకాయలు. అల్లుకునే ఉన్ని ఉండ ఒక్కటీ లేదు. అక్క అంతటితో ఊరుకోక ఒక కాపరిని ఆకుపచ్చ రంగు ఉందా అని అడిగింది.

"ఆకుపచ్చ గొర్రె యాడన్నా కనపడితే చెప్పు తల్లీ, నేనూ ఒకటి కొంటా" అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అక్క కూడా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

కంబళ్ళు నేసే ఆ ముసలమ్మ ఒక పక్కగా రాట్నం ముందు కూర్చుని ఉంది. నా సంచిలోంచి వేలాడుతున్న స్వెట్టరు చూసి, ఇటు ఇమ్మంది. అంతవరకు అందరూ దాని ముందు వైపు చూసి మెచ్చుకున్నవాళ్ళే. ఆమె తిరగేసింది. లోపల నలభై దాకా ముడులు. దాన్ని నా మెడకు రుద్దింది. గీరుకుంది.

"ఎవురికి పాపా ఇది?" అంది. మా నాయనకని చెప్పాను.

"పైన సూసేది ఊరోళ్ళు. లోపల గీరుకునేది మీ నాయనకు. ఉన్నికి ముడేస్తారా యాడన్నా?" అంటూనే గుంజేసింది.

తర్వాత రెండు దారాల కొసల్లోని పోగులు విడదీసి, ఉమ్మితో తడిపి, అరచేతుల మధ్య నలిపింది. అలా చేస్తే రెండూ ఒకటైపోతాయట. ముందు తన నల్ల ఉన్నితో చేసింది, నిజంగానే అతుక్కుంది, నేను లాగినా తెగలేదు. నాది అతకలేదు. మళ్ళీ నలిపింది, మళ్ళీ విడిపోయింది. అనుమానం వచ్చి ఒక కొసను పక్కవాడి బీడీ నిప్పుకు తగిలించింది. అది ప్లాస్టిక్ లాగా ముద్దగా కరిగింది.

"ఇది గొర్రెది కాదే, మిల్లుది" అంది, సగం స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని.

నేను బావురుమన్నాను. "పోనీలే, మళ్ళా అల్లుకుందువులే" అంది అక్క, జడ వేసినంత తేలిగ్గా. ముసలమ్మ మాత్రం రాట్నం పక్కకు జరిపింది. "తప్పు నాదే పాపా. అడక్కుండా చెయ్యి పెట్టినాను" అంది. పెద్దవాళ్ళు పిల్లలతో అలా అనడం నేను అంతకుముందు వినలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళు తప్పు చేసినా దెబ్బలు మాకే పడేవి.

ఇక ఆ పూటంతా ఆమె తన పని మానుకుంది. కంబళి నేసేటప్పుడు పోగు తెగితే, దాని పక్కనే కొత్త పోగు పెట్టి నాలుగు వేళ్ళ మేర రెండూ కలిపి నేస్తారట. అల్లికలో అది ఎలా కుదురుతుందో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. తంటాలు పడి ఇద్దరం కనిపెట్టాం. బస్సు వేళకు నాలుగు వరసలు అయ్యాయి, ఒక్క ముడి లేకుండా. మిగిలిన భుజానికని తన నల్ల ఉన్ని ఉండ ఒకటి నా చేతిలో పెట్టింది.

ఇప్పటికీ ఎవరైనా బట్ట చూపిస్తే ముందు తిరగేసి చూస్తాను. మనవరాలి దగ్గర పొరపాటు చేస్తే, ఎంత చిరాగ్గా ఉన్నా, తప్పు నాదేనని చెబుతాను. కానీ మిగతా ముడులూ విప్పి ఆ స్వెట్టరు మొత్తం మళ్ళీ అల్లి ముగించేసరికి ధనుర్మాసం దాటిపోయింది. ఆ ఏడు నాయనకు పట్టిన దగ్గు శివరాత్రి దాకా వదల్లేదు. ముడులతోనే అయినా వేళకు వేసుకుని ఉంటే ఆ దగ్గు పట్టేది కాదేమోనని పెద్దయ్యాక ఒకసారి ఆయన్నే అడిగాను. నవ్వి, కట్టాల్సిన పూలు నా ముందుకు జరిపాడు. ఆ సంగతి నాకు ఇప్పటికీ తేలలేదు.