వరహాలు మామ, రెండు మొక్కలు

మా వరహాలు మామ దృష్టిలో ప్రపంచంలో ఉన్నవి రెండే మొక్కలు. ఒకటి మల్లె, రెండోది కాగితం పువ్వు. మిగిలినదంతా గడ్డి. మనుషుల్ని, రైళ్ళని, ప్రభుత్వాల్ని, ఆఖరికి పెళ్ళి భోజనంలో సాంబారుని కూడా ఆయన ఈ రెండింటితోనే తూచేవాడు.

టాటానగర్ స్టీలు కంపెనీలో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఉద్యోగమంతా పైనుంచి కిందికి చూడటమే కాబట్టి, నేల మీద తిరిగేవాళ్ళందరికీ సలహా కావాలని ఆయనకు గట్టి నమ్మకం. ఆయన ఎదురొస్తే మా బారిడీహ్ పేటలో జనం సందు మార్చేవారు.

ఓ పెళ్ళిలో అక్షింతలు వేసి, పెళ్ళికూతురి తండ్రి అప్పలరాజు చెయ్యి పట్టుకుని, "మీ పిల్ల కాగితం పువ్వు బాబూ. నీళ్ళు పొయ్యకపోయినా పూత్తాది" అన్నాడు. మెచ్చుకున్నాననే అనుకున్నాడు. మేం కోడలికి నీళ్ళు కూడా పొయ్యం అంటాడా అని మగపెళ్ళివారు అలిగి భోజనానికి లేవలేదు.

నాకు జ్వరమొచ్చి ఆస్పత్రిలో సెలైను ఎక్కుతుంటే చూడటానికొచ్చి నర్సును ఆపాడు.

"అన్ని నీళ్ళు ఎక్కించకమ్మా. ఆకులేత్తాడు గానీ పువ్వెయ్యడు."

ఆవిడకు తెలుగు రాదు. "క్యా బోల్ రహే హై?" అని నన్నడిగింది.

"కుఛ్ నహీ సిస్టర్, ప్లాంట్ కీ బాత్ హై" అన్నాను. నేనన్నది మొక్క సంగతి, కానీ మా ఊళ్ళో ప్లాంటంటే ఫ్యాక్టరీయే. పెద్దాయన అనుభవం మీద చెబుతున్నాడనుకుని ఆవిడ గౌరవంగా తలూపింది.

నేనంటే ఆయనకు మరీ లోకువ. కాలేజీ సగంలో వదిలేసినవాణ్ణి. కాంట్రాక్టు మీద కరెంటు పని దొరికితే పనికి వెళ్ళేవాణ్ణి, దొరక్కపోతే పాత పుస్తకాల కొట్టుకు వెళ్ళేవాణ్ణి. లోకం మీద నాకు మంచి అభిప్రాయం లేదు. దానికీ నా మీద ఉన్నట్టు కనబడదు. ఆదివారం గుమ్మంలో కూర్చుని చదువుకుంటుంటే ఎక్కణ్ణుంచో మామ ఊడిపడేవాడు.

"ఏటిరా అభిలాష్, మళ్ళీ పుస్తకమేటి? ఎక్కువ నీళ్ళు తాగిన కాగితం పువ్వురా నువ్వు. ఆకులే తప్ప పువ్వు లేదు."

నాకు ఒళ్ళు మండేది. పుస్తకం ఎందుకు గొప్పదో అమ్మ ఇచ్చిన కాఫీ చల్లారేదాకా చెప్పేవాణ్ణి. అంతా విని, "దండగ" అని లేచి వెళ్ళిపోయేవాడు.

ఆ ఏడు వానల చివర్లో మా వీధి కూర్మారావుగారి భార్య రోహిణమ్మ పోయింది. ఆయన టాటానగర్‌లో గూడ్సు గార్డుగా చేసి, రైలు చప్పుడు మీదనుంచి మాట్లాడటం అలవాటైన మనిషి. అంత గొంతూ ఒక్కసారిగా ఆగిపోయింది. ఏమడిగినా తలూపడమే. కూతురు సుధ ఊరవతల కద్మా నుంచి క్యారియర్‌లో అన్నం తెచ్చేది. తెచ్చింది తెచ్చినట్టే మర్నాడు పట్టుకెళ్ళేది.

"మాటా లేదు, ముద్దా లేదు పిన్నీ. నాన్న కూడా అమ్మ ఎనకే ఎల్లిపోతాడేమో" అని మా అమ్మ దగ్గర ఏడ్చింది.

ఆ ఇంటి గుమ్మం పక్కన రోహిణమ్మ పెంచిన మల్లె పొద ఉండేది. వేసవిలో మా వీధి ఆడవాళ్ళ జడలన్నిటికీ పూలిచ్చిన పొద అది. చూసేవాళ్ళు లేక అదీ పసుపెక్కసాగింది.

అలాంటి ఇంటి ముందు ఎవరైనా గొంతు తగ్గించుకుంటారు. వరహాలు మామ మాత్రం రోజూ సాయంత్రం గేటు పట్టుకుని మల్లెను తిట్టడం మొదలుపెట్టాడు.

"ఇదేటి మొక్క బావా? కొత్తల్లుడు నయం. ఎండ కావాల, ఎరువు కావాల, అడిగినప్పుడల్లా నీళ్ళు కావాల, పువ్వు కోసం మనమే నడుం వంచాల. అదే కాగితం పువ్వయితే గోడవార పాతేసి మర్సిపో. నీళ్ళు మానేత్తే పంతం పట్టి మరీ పూత్తాది. ముల్లుంటాది, కంచె ఖర్చు నేదు. ఏటంటావు?"

కూర్మారావుగారు వాకిట్లో కుర్చీలో కూర్చుని ఎటో చూసేవారు. అంతలో కంపెనీ వైపు, ఇనుము తీశాక మిగిలే కరిగిన స్లాగు పారబోసేవారు. ఆకాశం సగం దాకా నారింజ రంగెక్కేది. ఆ వెలుగులో వీధి నీళ్ళ అడుగున ఉన్నట్టు కదిలేది, ఎండిన మల్లె పొద నిండా పూసినట్టు కనబడేది. ఆ కాసేపూ మామ తిట్లు ఆపేవాడు. మా గుమ్మంలో ఉన్న నాతో కలిపి ముగ్గురం అటే చూసేవాళ్ళం. వెలుగు ఆరిపోగానే మళ్ళీ అవే పుల్లలు, మళ్ళీ అవే తిట్లు.

"మనిషి పోయిన ఇంటి ముందు ఇవేం మాటలు మామా? శరమ్ నహీ ఆతీ?" అని కసిరాను.

"సిగ్గు మల్లెకుంటాదిరా. కాగితం పువ్వుకుండదు" అన్నాడు.

చలి ముదిరాక ఓ సాయంత్రం ఒక చేత్తో గునపం, ఇంకో చేత్తో కాగితం పువ్వు అంటు పట్టుకుని ఏకంగా గేటు తోసుకుని లోపలికి నడిచాడు. సుధ క్యారియర్‌తో మెట్టు మీదే ఆగిపోయింది. నేను వెనకే పరుగెత్తాను.

"ఎండిపోయినదాన్ని పీకేత్తన్నాను బావా. ఈ అంటు పాతీసి ఎల్లిపోతాను. నీకూ పని తప్పుతాది." గునపం మల్లె మొదట్లో ఆనించాడు.

"దాని మీద సెయ్యేసినావంటే నీ సెయ్యి ఇరుగుతాది."

గొంతు తుప్పు పట్టింది కానీ గార్డు గొంతే. సుధ క్యారియర్ మెట్టు మీద దించేసింది.

"ఎండిపోయింది కదేటి" అన్నాడు మామ.

"ఎండిపోనేదు. క్రేనెక్కి కూకున్నోడివి, మల్లె సంగతి నీకేటి తెలుసు? సలికాలంలో దాన్నీ కొన్నాళ్ళు ఎండగడతారు. ఆకు దూసీసి, కొమ్మలు కత్తిరించి, మొదట్లో ఎరువేసి, అప్పుడు తడిపెడితే సిగురుతో పాటు మొగ్గొత్తాది. రోహిణి ఏటేటా సేసేది."

"ఇప్పుడెవులు సేత్తారు? నువ్వా?"

"నానే సేత్తాను."

"నీ వల్ల కాదు బావా. కాగితం పువ్వయితే..."

"నోర్ముయ్. వాసన నేని పువ్వూ ఒక పువ్వేనేటి?"

వాదన చీకటి పడేదాకా సాగింది. మధ్యలో సుధ ఇద్దరికీ అన్నం పెట్టింది. గెలిచే ఊపులో కూర్మారావుగారు రెండోసారి కూడా కలుపుకున్నారు. మామ ఓడిపోయినవాడిలా అంటు చంకన పెట్టుకుని వెళ్ళిపోయి, మర్నాడు కొత్త తిట్లతో మళ్ళీ వచ్చాడు. మామ గుడ్డిగా విసిరిన రాయి తగిలిందనుకున్నాను.

ఎండలు మొదలయ్యాక ఫ్యాను బిగించే పని మీద సోనారి పేటకు వెళ్ళాను. ఆ ఇంటాయన నీలకంఠంగారు కాలు విరిగి చాన్నాళ్ళుగా మంచం మీద ఉన్నారట. ప్రహరీ గోడంతా రాణీ రంగు కాగితం పూలు. నాది బారిడీహ్ అనగానే లేచి కూర్చున్నారు.

"అక్కడ వరహాలని ఒక మల్లె పిచ్చోడుంటాడు. తెలుసేటి?"

"మల్లె పిచ్చా?"

"కాగితం పువ్వంటే ఆడికి పడదు. వారానికోసారొచ్చి, వాసన నేని పువ్వూ ఒక పువ్వేనా అంటాడు. మల్లెని ఎండగట్టి ఆకు దూసి పూయించాలంటాడు. నీళ్ళు మానేత్తే పంతం పట్టి పూసే మా మొక్క గొప్పేటో ఆడికి సూపెట్టాలని కర్ర పట్టుకుని గోడ దాకా నడిసినాను. డాక్టరు ఎంత మొత్తుకున్నా నడవనేదు గానీ."

స్టూలు మీద నా చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఈయన చెబుతున్నవి కూర్మారావుగారి మాటలు. మా వీధి గేటు దగ్గర నేను విన్నవి ఈయన మాటలు. మామ ఇక్కడి సరుకు అక్కడ, అక్కడి సరుకు ఇక్కడ దింపుతున్నాడు, క్రేనులాగే.

అక్కణ్ణుంచి తిన్నగా ఆయనింటికి వెళ్ళాను. రెండో అంతస్తు. అన్నేళ్ళలో లోపలికి వెళ్ళడం అదే మొదలు. బాల్కనీలో ఒక్క కుండీ లేదు.

"మొక్కలా? ఈయనా?" అంది మామ భార్య తవిటమ్మత్త. "మనీప్లాంటు తెచ్చుకుంటే సీసాలో టీ పోసి సంపీసినాడు." ఆవిడ ముడిలో వంకరటింకర మల్లె దండ. కూర్మారావుగారు స్వయంగా కట్టి పంపారట.

"మామా, నిజం చెప్పు. నీకు మల్లె ఇష్టమా, కాగితం పువ్వా?"

ఆయన ఆకాశం వైపు చూశాడు. అది అప్పుడే ఎర్రబడుతోంది.

"నాకు టీ ఇష్టంరా."

"సోనారిలో నీలకంఠంగారిని చూశాను."

"నడుత్తన్నాడా?" అన్నాడు వెంటనే.

"గోడ దాకా."

"ఈ వారం ఇంకాస్త తిట్టాల. గేటు దాకా రావాల."

అంతలో ఆయన చూపు నా చంకలోని పుస్తకం మీద పడింది.

"మళ్ళీ కొన్నావేటి? సెప్పినాను కదరా, ఎక్కువ నీళ్ళు తాగిన కాగితం పువ్వుకి ఆకులే తప్ప..."

పని లేని ఆదివారాలన్నీ నా గుమ్మంలోకే ఎందుకు ఊడిపడ్డాడో అప్పుడు తెలిసింది. తెలిసినా ఒళ్ళు మండటం మానలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"చూడు మామా, పుస్తకమంటే..."

తవిటమ్మత్త ఎవర్నీ ఏమీ అడక్కుండా పెద్ద గిన్నెతో టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టింది.