చింతగింజల ఇంగ్లీషు

మిర్యాలగూడలో మా మనవరాలి ఇంట్లో ఉంటున్నాను. పొద్దుగూకేసరికి మిల్లుల ఊక దుమ్ము కిటికీల మీద పేరుకుంటుంది, దాని వెంటే నా మునిమనవరాలు ఫోను పట్టుకుని నా మంచం మీదికి చేరుతుంది. ఆ ఫోనులో ఏవో రెండు అక్షరాలు వస్తాయట, ఆ రెండూ ఉన్న ఇంగ్లీషు మాట చెప్పాలట. తాతమ్మకు ఇంగ్లీషు వస్తుందని దానికి మొదట్లో నమ్మకం లేదు గానీ, క్యూ, ఎన్ అనగానే నేను క్వీన్ అన్న నాటి నుంచి నన్ను వదలడం లేదు. మొన్న మాత్రం బి, ఎక్స్ అని అడిగితే నాకు తెల్వదు పో బిడ్డా అన్నాను. తెలియక కాదు, నోరు రాక.

నా ఈడు వాళ్ళకు ఆ రోజుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. నిజాం రాజ్యం ఆఖరి రోజులు, మా సూర్యాపేటలో రజాకార్ల భయానికి చీకటి పడకముందే తలుపులు బిగించుకునేవాళ్ళం. ఆ రోజుల్లోనే మా అన్న సంతకు పోయొస్తానని చెప్పి పోయి, ఇగ రాలేదు. అడవిలో దళాల్లో చేరాడన్నారు, పట్టుకుపోయారన్నారు, ఎవరి నోటికి వచ్చింది వాళ్ళన్నారు. ఇంట్లో మిగిలింది అవసరానికి తప్ప మాటలు మానేసిన అమ్మా నాయినా, పెండ్లయి ఏడాదైనా నిండని మా వదిన, తొమ్మిదేండ్ల నేను.

వదినది కోదాడ. నిజాం హద్దు అవతల, ఆంధ్ర వైపు మేనమామ ఇంట్లో ఉండి మిషన్ బడిలో చదువుకుంది. ఆమె మాట యాస వేరు గనుక మా వాడకట్టు ఆడవాళ్ళు మూతులు తిప్పి నవ్వుకునేవాళ్ళే గానీ, దగ్గర కూచోబెట్టుకున్నవాళ్ళు లేరు. పెద్దవాళ్ళ గొడవలు సోకుతాయని నాతో ఆడుకోవడానికి పిల్లల్ని పంపడమూ మానేశారు. అట్ల ఒంటరివాళ్ళం ఇద్దరం ఒకరికొకరం దొరికాం.

చింతగింజల్ని బండ మీద అరగదీసి, తెల్లగా తేలిన వైపు కాటుకతో ఇంగ్లీషు అక్షరాలు రాసి, అన్న బడికి తీసుకుపోయిన పెన్సిళ్ళ రేకు డబ్బాలో దాచింది వదిన. మధ్యాహ్నం అంట్లు తోమడం కాగానే చాప పరిచి, ఆ బాక్సు అందుకో అమ్మాయ్ అనేది. చూడకుండా రెండు గింజలు తీయాలి, ఆ రెండూ ఉన్న మాట చెప్పాలి. బడిలో ఉర్దూ రాసే అలవాటుకొద్దీ నేను నేల మీద ఇంగ్లీషును కూడా కుడి నుంచే మొదలుపెట్టేదాన్ని, వదిన కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. ఆ ఇంట్లో వినబడిన నవ్వు అదొక్కటే. ఆటకు వదిన పెట్టిన కట్టుబాటు ఒకటుండేది: మాట దొరికేదాకా ఇద్దరిలో ఎవరూ లేవకూడదు, లేస్తే ఓడినట్టే. మా అమ్మ పిలిచినా సరే, ఆ ఒక్క విషయంలో వదిన కదిలేది కాదు.

అన్న కబురు లేకుండా ఎండాకాలం గడిచాక, వదిన వాళ్ళ నాన్న బిడ్డను తీసుకుపోతానని వచ్చాడు. మధ్యాహ్నం బొగ్గుతో నడిచే బస్సు ఒకటుండేది, అది దాటితే మళ్ళీ మర్నాడే. వదిన బట్టలు మూట కట్టుకుని, పోయేముందు ఒక్క ఆట అని నన్ను పక్కన కూచోబెట్టుకుంది. నేను తీసిన గింజల మీద బి ఒకటి, ఎక్స్ ఒకటి. ఆ మాట నా ఎదురుగా వదిన ఒళ్ళోనే ఉంది, రోజూ వినేదే. నేను పెదవులు బిగించుకున్నాను. వదిన నా మొహంలోకి చూసింది, ఆమెకు అర్థమైంది.

"ఇగ సాలు, లే పిల్లా, బస్సు పోతది" అన్నది మా అమ్మ గడప మీద నిలబడి.

"దీని మాట ఇంకా రాలేదత్తయ్యా" అంది వదిన, నా మీంచి చూపు తిప్పకుండా.

ఆమె చెప్పమని అడగలేదు, నేను చెప్పలేదు. వదిన వాళ్ళ నాన్న గొడుగు పట్టుకుని వాకిట్లో తచ్చాడాడు, చివరికి బస్సు పోయిందని తెలిసి కాళ్ళు కడుక్కుని అన్నానికి కూచున్నాడు. నేను గెలిచాననుకున్నాను. ఆట అట్లనే ఉండనిస్తే వదిన ఎప్పటికీ లేవదు గదా అని పిచ్చి ధైర్యం. మర్నాడు సెలవులైపోయి బడి తెరిచారు, ఆ ధైర్యంతోనే పోయాను.

బడి నుంచి వచ్చేసరికి చాప చుట్టి గోడకు ఆనించి ఉంది, గూట్లో డబ్బా, మూత మీద నేను తీసిన ఆ రెండు గింజలూ విడిగా. వదిన ఆట మధ్యలో లేవడం అదే మొదలు, అదే చివర. ఆ మూల కూచుని ఏడ్చిన ఏడుపు నా పెండ్లి అప్పగింతల్లోనూ ఏడవలేదు. అన్న రాలేదు. వదిన అక్కడెక్కడో టీచరమ్మ అయిందని విన్నాము, కోదాడ వాళ్ళు ఆ ఊరే విడిచిపోయారు, ఆ తర్వాత వినడానికి కూడా ఏమీ లేదు.

ఇప్పటి ఆటకు అవతల మనిషి అక్కర్లేదు, ఒక్కరే ఆడుకుంటారు, మాట రాకపోతే ఫోను ఆగదు, ఇంకో రెండక్షరాలు పడేసి పోతుంది. మన రోజుల్లో మాట రాకపోతే ఎదుటి మనిషి కూచుని ఉండేది. ఇన్నేండ్లు ఇంట్లో ఏ పెట్టె కావాలన్నా డబ్బా అన్నానే గానీ ఆ ఇంగ్లీషు మాట అనలేదు. అనకపోతే ఆట నడుస్తున్నట్టే, వదిన ఇంకా ఆ చాప మీదే ఉన్నట్టే అని నాకు నేను చెప్పుకున్నాను.

నిన్న పిల్ల పరుగెత్తుకుంటూ వచ్చి, "తాతమ్మా, బాక్స్! ఇంత ఈజీది నీకు రాలేదా?" అంది.

రాలేదమ్మా అన్నాను. పక్కన ఆ చాప మీద నుంచి ఎవరో లేచిపోయినట్టయింది.