ఎవరూ పోలేదు, అది ఫిడేలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్లలోనూ మొట్టమొదటి ఫిడేళ్ల బృందానికి పాటలు ఎంచిపెట్టిన సంగీత సలహాదారుణ్ణి నేనే. వంద ఫిడేళ్లు. కిక్కిరిసిన ఫంక్షన్ హాలు. నా వేలు కదిలితే చాలు, వంద కమానులు ఒక్కసారిగా లేచేవి.

మా ఆవిడ ఇది చదువుతుంది కాబట్టి ఇక్కడే కొంత తగ్గించుకుంటాను. వంద లేవు. ముప్ఫైకి అటూ ఇటూగా ఉండేవి, వాటిలో కొన్నింటికి ఒక తీగ తక్కువ. సలహాదారు అనే కొలువు కూడా ఎవరూ ఇచ్చింది కాదు. ఆ పిల్లలకు ఫిడేలు నేర్పే టీచరమ్మ మా ఇంట్లో పైగదికి కిరాయికి దిగింది. ఇంటి ఓనరు సలహా ఇస్తానని మెట్లెక్కి వస్తే కిరాయికి ఉన్నవాళ్లు తలుపు వేసుకోలేరు కదా. అలా అయ్యాను సలహాదారుణ్ణి. వేలు కదిలిన మాట మాత్రం నిజం. ఆ వేలు సంగతే చెప్పబోతున్నాను.

టీచరమ్మది కోదాడ. ఒక ప్రైవేటు స్కూలుకు ఈ మూడు ఊళ్లలోనూ బ్రాంచీలుంటే, మూడింటికీ బస్సులో తిరుగుతూ పాఠం చెప్పేది. ఆ బృందంలో ఫిడేళ్లు కాక చెల్లో అని ఒకటి ఉంది. ఫిడేలే, కానీ మనిషంత ఉంటుంది. కుర్చీలో కూర్చుని, కాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించాలి. దాన్ని దుప్పట్లో చుట్టి మొదటిసారి బస్సెక్కించినప్పుడు కండక్టర్ ఎగాదిగా చూశాడట.

"ఏందమ్మా ఇది? పీనుగను బస్సుల ఎక్కిస్తరా?"

"పీనుగ కాదండీ, వాద్యం. పాటలు వాయిస్తారు."

"గట్లనా? బతికున్నదే అయితే టికెట్ తీస్కో."

కండక్టర్ ఒక్కడి తప్పేం లేదు. మా తరం వాళ్లకు ఫిడేలంటే ఒకటే గుర్తు. పెద్ద నాయకుడెవరైనా పోతే రేడియోలో వార్తలు ఆగిపోయి రోజంతా అదే మోగేది. ఆ మూలుగు చెవిన పడగానే, ఎవరై ఉంటారా అని జనం వీధిలోకి వచ్చేవాళ్లు.

కిందటేడు వార్షికోత్సవంలో దెబ్బతిన్నది అక్కడే. టీచరమ్మ ఎంతో భక్తిగా ఒక కీర్తన ఎంచుకుని, ఎంతో నిదానంగా వాయింపజేసింది. స్కూలు కరస్పాండెంట్ మిర్యాలగూడలో రైస్ మిల్లున్న ఆసామి. స్టేజీ మీద కూర్చున్నాయన పాట సగంలో జేబులోంచి ఫోను తీసి వార్తలు చూసుకున్నాడు. ఆ తర్వాత ఆమెను పిలిచి అడిగాడు.

"ఎవరు పోయిన్రు మేడం?"

"ఎవరూ పోలేదు సార్. కీర్తన సార్ అది."

"పిల్లలు డాన్సులు చేసే తాన ఈ ఏడుపేంది? వచ్చేసారి గిట్ల గిదే అయితే ఇగ ఖతం. ఆ రూముల అబాకస్ క్లాసు పెడత."

ఈ మాట ఆమె నాకు మా ఇంటి నల్లా దగ్గర, బిందె నిండేలోపు చెప్పింది. స్కూలు వాళ్లు కోరి పెట్టిన క్లాసు కాదు అది. ఆ ఫిడేలు క్లాసు ఆమె ఒక్కతే బతిమాలి పెట్టించుకున్నది. పాతబడి మూలన పడ్డ ఫిడేళ్లను ఎక్కడెక్కడి నుంచో అడిగి తెచ్చి, తీగలు తనే కట్టుకుంది.

"ఈ క్లాసు పోతే నేను మళ్లీ మా అన్నయ్య మెడికల్ షాపులో కూర్చోవాలి తాతగారూ. కూర్చోవచ్చు, తప్పేం లేదు. కానీ నాకు కూర్చోవాలని లేదండీ."

బిందె నిండి పొంగుతోంది, ఆమె చూసుకోలేదు. నేను నల్లా కట్టేసి ఛాతీ విరిచాను.

"నువ్వేం పరేషాన్ గాకు బిడ్డా. పాటలు నేను ఎంచుత. పెండ్లి మేళంల పదేండ్లు చేసిన."

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "ఏం చేసినవో గది గూడ చెప్పు."

చెప్పక తప్పలేదు. శ్రుతిపెట్టె నొక్కేవాణ్ణి. పదేళ్లు కాదు, ఉద్యోగం దొరికే దాకా ఒకటి రెండు పెళ్లిళ్ల సీజన్లు. శ్రుతిపెట్టెలో ఉండేది ఒకే స్వరం. ఆ ఒక్కటీ నాకు బాగా వచ్చు.

"అది గూడ నొక్కుకుంట నొక్కుకుంట నిద్రవోయిండు. మా చిన్నాయన పెండ్లిల" అంది మా ఆవిడ.

టీచరమ్మ నవ్వింది. నవ్వింది కాబట్టి ఆమె ఒప్పుకున్నట్టే లెక్క వేసుకున్నాను.

పాటలు పుస్తకాల్లో వెతక్కూడదని నా సిద్ధాంతం. మా డాబా మీద వాయించి, కింద వీధిలో ఎవరేమంటారో చూడాలి. ఒక ఆదివారం సూర్యాపేట పిల్లలను డాబా ఎక్కించాం. ఆ కీర్తననే కాస్త వేగంగా వాయిస్తే ఎలా ఉంటుందో చూద్దామంది టీచరమ్మ. సగం అయిందో లేదో కింద గేటు చప్పుడైంది. ఎదురింటాయన, భుజం మీద తువ్వాల. వెనక ఆయన భార్య, కొంగు అప్పటికే కళ్ల దగ్గరికి చేరింది. మా ఆవిడ తలుపు తీసింది.

"ఎప్పుడు జరిగిందక్కా? పొద్దుగాల గూడ సూస్తిని. పేపర్ సదువుకుంట మంచిగనే ఉండె."

"ఎవరు?"

"ఇంకెవరు, అన్న."

"గంత అదృష్టమా నాకు? రాండ్రి, చాయ్ తాగి పోదురు."

"నేను పైనున్న!" అని అరిచాను డాబా మీద నుంచి. పైనుంచి నా గొంతు వినేసరికి ఆ ఇల్లాలు గేటు పట్టుకుని కూలబడింది.

కీర్తన అక్కడితో సరి. పిల్లలు సినిమా పాట కావాలన్నారు. మంచి హుషారైనదే ఎంచుకున్నారు. అయితే ఆ పాట పరిగెడుతుంటే మా పిల్లల వేళ్లు దాని వెనక నడిచి వస్తున్నాయి. వీధిలో ఒక ఆటో ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టి చాలాసేపు విన్నాడు. నాకు ఆశ పుట్టింది.

"ఏం పాటనో చెప్పు చూద్దాం?" అన్నాను.

"పాటనా తాతా? గ్రైండర్ ఖరాబైందేమో అనుకున్న."

ఆ తర్వాత లాలిపాట. దానికి ఎవరూ రాలేదు. నాకు నిద్రొచ్చింది.

చివరికి నిలిచింది చప్పట్ల వరస. బతుకమ్మ ఆడేటప్పుడు ఒక గుంపు ఒక ముక్క అంటే రెండో గుంపు అందుకుంటుందే, అలాంటిది టీచరమ్మే కట్టింది. నాలుగు స్వరాలు దాటదు. పిల్లలు అందుకున్న కాసేపటికి మా ఆవిడ పిండి చేతులతోనే మెట్లెక్కి వచ్చి, వంగి చప్పట్లు కొడుతూ తిరగడం మొదలుపెట్టింది. ఎదురింటి ఇల్లాలు కూడా భయం తీరి వచ్చి కలిసింది. నేను టీచరమ్మ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు, వాళ్ల పాదాల వైపు చూస్తోంది. పాట దొరికింది.

సూర్యాపేట పిల్లలు ముక్క అడగాలి, కోదాడ పిల్లలు జవాబు చెప్పాలి, మిర్యాలగూడ పిల్లలు దాన్ని తిప్పికొట్టాలి. కాగితం మీద బ్రహ్మాండం. మూడు ఊళ్ల వాళ్లనూ ఒక్కచోట కూర్చోబెట్టాక తెలిసింది, ఒకరు ఆపి ఇంకొకరు అందుకునే సందులో ఖాళీ వస్తోంది. ఆ ఖాళీలో చెల్లో ఒక్కటే మిగులుతుంది. దాన్ని వాయించే మాడుగులపల్లి అమ్మాయి చాలా నెమ్మదస్తురాలు, పట్టిన స్వరం ఒక పట్టాన వదలదు. అది మిగిలిందంటే మళ్లీ ఎవరో పోయినట్టే.

అప్పుడు నా శ్రుతిపెట్టె చదువు పనికొచ్చింది. పెళ్లిలో తాళి కట్టే వేళ ఎవరైనా తుమ్మవచ్చు, ఎవరి నోటో చెడ్డమాట రావచ్చు. అవి వినపడకుండా పంతులు వేలు గిరగిర ఊపుతాడు, డోళ్లూ సన్నాయిలూ అన్నీ ఒకేసారి విరుచుకుపడతాయి. అదే గట్టిమేళం. గట్టిమేళంలో తప్పు వాయించినవాణ్ణి ఈ భూమ్మీద ఎవరూ పట్టుకోలేదు. అపశకునాన్ని తొక్కిపట్టడానికి పుట్టిన సంగీతం ఉండగా మనం ఏడుపుకు భయపడడమెందుకు?

"ఎవ్వరూ తీగ మీద వేలు పెట్టొద్దు. ఉత్త తీగలు, అన్ని తీగలు, చెయ్యి ఎంత ఉరికితే అంత. నా వేలు ఊగినంత సేపే" అన్నాను.

"తాతా, గిది గూడ పాటనేనా?" అన్నాడు సూర్యాపేట పిల్లవాడొకడు.

"ఎప్పుడు ఆపాలండీ?" అంది కోదాడ అమ్మాయి.

"ఆపుడెందుకు?" అన్నారు మిర్యాలగూడ వాళ్లు.

వేలు ఊపాను. మా డాబా మీది పావురాలు ఆ రోజుకు మళ్లీ రాలేదు. టీచరమ్మ చెవుల మీద చేతులు తీసి అడిగింది.

"ఇది సంగీతమేనంటారా తాతగారూ?"

"ఎన్ని పెండ్లిళ్లు అయినయనుకున్నవ్ బిడ్డా దీని మీద."

ఆమె ఒక షరతు మీద ఒప్పుకుంది. పాట మొత్తం అయ్యాక, చివర ఒకే ఒక్కసారి, అదీ తను వేలు ఊపితేనే. సరేనన్నాను. కానీ రిహార్సళ్లలో ఊపింది నేను. పిల్లల కళ్లు నా వేలికే అలవాటుపడ్డాయి.

వార్షికోత్సవం మిర్యాలగూడలో, పెళ్లిళ్లు జరిగే ఫంక్షన్ హాల్లో. బయట వాడపల్లి సిమెంటు లారీల హారన్లు, లోపల పాప్‌కార్న్ వాసన. స్టేజీ కిందే ముందు సోఫాలో కరస్పాండెంట్, పక్కన ఆయన తల్లి. వాళ్ల వెనక వరుసలో నేను, నాకూ నడవకూ మధ్య మా ఆవిడ.

సూర్యాపేట పిల్లలు చక్కగా అడిగారు. కోదాడ వాళ్లు చక్కగా జవాబు మొదలుపెట్టారు. అంతలో, ఏం తొందరొచ్చిందో, మిర్యాలగూడ వాళ్లు కూడా అందుకున్నారు. సొంతూరు, తల్లిదండ్రులంతా ఎదురుగా ఉన్నారు, ఆగలేకపోయారు. కోదాడ పిల్లలు మర్యాదస్తులు, తప్పు తమదేననుకుని ఆపేశారు. వాళ్లు ఆపారని వీళ్లూ ఆపారు. చెల్లో ఒక్కటే మిగిలింది. పొడుగ్గా, లోతుగా, తాపీగా.

హాల్లో ఎవరో పెద్దాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. కరస్పాండెంట్ చెయ్యి జేబులోని ఫోను వైపు పోతోంది. టీచరమ్మ చేతులు గాలిలో ఉండిపోయాయి. వాటికి కిందికి దిగే దారి కూడా తెలియడం లేదు. నా కంటికి ఆమె అప్పటికే మందుల సీసాల మధ్య కూర్చుని ఉంది.

అప్పుడు లేచాను నేను. సేనాపతి ఎలా లేస్తాడో అలా లేచి, నిండు సభలో వేలు పైకెత్తి ఊపాను. ముప్ఫై కమానులు ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. గట్టిమేళం!

ఫంక్షన్ హాలు, గట్టిమేళం. ఇక జనాన్ని ఎవరు ఆపగలరు? ఆడవాళ్లంతా దిగ్గున లేచి నిలబడ్డారు. చేతులు వాటంతటవే పైకి లేచాయి. అక్షింతలు లేవు, పాప్‌కార్న్ ఉంది. ముందు వరుస విసిరింది, వెనక వరుసలు విసిరాయి, బాల్కనీ విసిరింది. చెల్లో కడుపులో కూడా పడ్డాయి. కరస్పాండెంట్ గారి తల్లి ఎదురుగా ఉన్న బొకే తెంపి రేకులన్నీ కొడుకు నెత్తిన పోసింది. ఆ వయసులో ఆయన మళ్లీ పెళ్లికొడుకులా రెండు చేతులూ జోడించి తల వంచుకున్నాడు. పిల్లలు ఆపలేదు, టీచరమ్మ తేరుకుని చెయ్యి దించేదాకా. అప్పుడు ఆమె పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తించింది. ఈసారి జనమే చప్పట్లు వేశారు, పిల్లలకు తప్పిపోవడానికి సందు లేకపోయింది.

మా ఆవిడ పక్క నుంచి చూస్తోంది, ఇక చెప్పేస్తాను. సేనాపతి లేడు, ఏమీ లేడు. నేను ఎత్తింది చూపుడువేలు కాదు, చిటికెనవేలు. బడికి పోయినవాళ్లందరికీ దాని అర్థం తెలుసు. చలికాలం, ఏసీ హాలు, నా వయసు. అప్పటికే చాలాసేపు ఓర్చుకున్నాను. కాస్త కాళ్లు జరిపితే బయటికి పోయి వస్తానని మా ఆవిడకు సైగ చేస్తున్నాను. ఆమె స్టేజీ వైపే చూస్తోంది, అందుకని గట్టిగా ఊపాను. లైట్ల వెలుగులో పిల్లలకు అది ఏ వేలో ఏం తెలుస్తుంది?

నేను తిరిగి వచ్చేసరికి కరస్పాండెంట్ తల మీది రేకులు దులుపుకుంటూ టీచరమ్మ ముందు నిలబడి ఉన్నాడు. ఇప్పుడు పడతాయి అసలు అక్షింతలు అనుకున్నాను.

"మేడం, ఇది సంగీతమా, లొల్లినా? అబాకస్ సారుకు నేను ఆల్రెడీ..."

వెనక నుంచి ఆయన తల్లి ఆయన చొక్కా పట్టి లాగింది.

"ఏం మాట్లాడుతున్నవ్ర అయ్యా? గట్టిమేళం అయింది. గింతమంది అచ్చింతలేసిన్రు. నేనే నా చేతులతోని ఏసిన. ఇగ ఇప్పుడు విడాకులంటవా?"

ఆయన తల్లిని చూశాడు, హాలును చూశాడు. చెవి వెనక ఇరుక్కున్న పాప్‌కార్న్ గింజ తీసి, ఏం చెయ్యాలో తెలియక నోట్లో వేసుకున్నాడు.

"వచ్చేసారి జర ముందుగాల చెప్పున్రి మేడం" అన్నాడు.

టీచరమ్మ పైగదిలోనే ఉంది. స్కూల్లో ఆ క్లాసు రూములో ఇప్పటికీ ఫిడేళ్లే ఉన్నాయి. నేనే కాపాడానని ఆమె నమ్మకం. సమయానికి ఎంత బాగా లేచారండీ తాతగారూ అని వచ్చిన వాళ్లందరికీ చెబుతుంది, నేను కాదనను. ఇది అచ్చులో చూసి ఆమెకు నిజం తెలిస్తే తెలియనీ. వచ్చే వార్షికోత్సవం పాటలో రెండు చోట్ల గట్టిమేళం పెట్టింది, నన్ను ముందు సోఫాలో కూర్చోమంది. ఆ కబురు మా ఆవిడకు గొప్పగా చెప్పాను. ఆమె కూరగాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"ఈసారి ఏ వేలు లేపుతవో జర ముందే చెప్పు."