గుడి రిజిస్టరు

ఏలూరు కోర్టులో మెర్సీని అందరూ పిల్లల ప్లీడరు అంటారు. పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల కేసులు ఫీజు మాట ఎత్తకుండా చూస్తుందని, సెలవొస్తే కైకలూరు వైపు పేటలకు వెళ్లి కుర్రకారుకు వాళ్ల హక్కులు చెబుతుందని మంచి పేరు. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుంటుంది. వినయం అనుకుంటారు పాపం. వినయం కాదు, ఫిన్నీ గుర్తొస్తాడు.

అది 2004. మెర్సీ అప్పటికి ప్రసాదరావు అనే పెద్ద ప్లీడరు దగ్గర జూనియరు. కొల్లేటి అంచున ఉన్న ఆమె పేటలో తొలి లాయరు ఆమే. ఆ పేట పక్కనే చేపల చెరువు గట్టు మీద రెండు వర్గాలు కొట్టుకుని ఒక మనిషి చనిపోయాడు. పోలీసులు పదకొండు మంది మీద హత్య కేసు పెట్టారు. తొమ్మిదోవాడు ఫిన్నీ. వాడి తరఫున కేసు ప్రసాదరావుగారే పట్టారు. వాడు చేసిన నేరమల్లా, ఆ చెరువులో కూలి పనికెళ్లిన తల్లి కృపావరానికి అన్నం క్యారేజీ పట్టుకెళ్లడం.

వాడికి నిజానికి పదహారేళ్లు. బడి లెక్కలో పద్దెనిమిది నిండాయి. కృపావరం కూలికెళితే పిల్లాణ్ణి చూసేవాళ్లు లేరు. అయిదేళ్లు లేనిదే చేర్చుకోరని మూడేళ్లవాడికి రెండేళ్లు కలిపి బళ్లో వేసేసింది. మా వైపు సగం మంది పిల్లలు అలా బళ్లో పడ్డవాళ్లే. అసలు తేదీ ఉన్నది ఒక్కచోట, పేటలోని మిషను గుడి బాప్తిస్మం రిజిస్టరులో. దాన్ని జడ్జిగారి ముందు పెట్టి ఉంటే ఫిన్నీ మైనరని తేలేది, వారం తిరక్కుండా బెయిలు మీద ఇంటికొచ్చేవాడు.

గుడి అయ్యగారు ఎజ్రా ఆ రిజిస్టరును తువ్వాలులో చుట్టుకుని బస్సెక్కి ఏలూరు వచ్చారు. మెర్సీ తెరిచి చూసింది. ఫిన్నీ పేరుంది. కొన్ని కాగితాలు వెనక్కి తిప్పితే తన పేరూ ఉంది, అమ్మానాన్నల పేర్లతో సహా.

సర్టిఫికెట్లలో ఆమె పేరు తులసి, మతం హిందువు. ఆ ఎస్సీ సర్టిఫికెట్టుతోనే తాడేపల్లిగూడెంలో డిగ్రీ, ఏలూరులో లా చదివింది. క్రైస్తవురాలని తేలితే అది చెల్లదు. పేటంతా అంతే, ఆఫీసుకో పేరు, ఆదివారానికో పేరు. పైగా ఆమె అదే కోటాలో ప్రభుత్వ ప్లీడరు ఉద్యోగానికి పరీక్ష రాసి ఫలితం కోసం ఎదురుచూస్తోంది. రిజిస్టరు బయటికొస్తే కృపావరం వాళ్ల సర్టిఫికెట్టుకూ ముప్పే కదా అని తనకు తానే నచ్చజెప్పుకుంది.

“ఇప్పుడొద్దండి అయ్యగారూ. బడి కాగితం ముందు ఇది నిలబడదండి,” అంది.

“చదువుకున్నదానివి, నీకు తెలీదా అమ్మా,” అని ఆయన మళ్లీ తువ్వాలు చుట్టుకుని బస్టాండుకు నడిచారు.

పచ్చి అబద్ధం. నిలబడదని ఏ చట్టమూ చెప్పలేదు. అసలు రిజిస్టరు ఉందన్న సంగతే ఆమె ప్రసాదరావుగారికి చెప్పలేదు.

పద్నాలుగు నెలలు ఫిన్నీ పెద్దవాళ్ల జైల్లో ఉన్నాడు. ఇంటరు పరీక్ష పోయింది. చూడటానికి వెళ్లినప్పుడల్లా మొదట్లో “ఇంటికెప్పుడక్కా?” అని అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు. చివరికి సాక్షులు నిలబడక కేసు కొట్టేశారు. ఇటు మెర్సీకి ఆ ఉద్యోగమూ రాలేదు, మూడు మార్కుల్లో పోయింది. రెంటికీ చెడ్డ రేవడి అయింది.

విడుదల రోజు జైలు గేటు బయట ఇక ఉండబట్టలేక మెర్సీ కృపావరం చేతులు పట్టుకుంది. “చిన్నమ్మా, ఆ రోజు రిజిస్టరు...”

“తెలుసమ్మా. నీ పేరూ అందులో ఉంది కదా. పేట మొత్తానికి నువ్వొక్కదానివి పైకొచ్చావు. నీ నోటికాడ కూడు నేను తీస్తానా? అందుకే మళ్లీ అడగలేదు.”

తిట్టినా బాగుండేది. పక్కనే ఉన్న ఫిన్నీ ఆ మాట విన్నాడు. మెర్సీ వంక ఒక్కసారి చూసి, రోడ్డు దాటి వెళ్లి బస్సు కోసం నిలబడ్డాడు.

ఈ పిల్లల కేసులన్నీ ఆ తర్వాతే. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఆమెకూ తెలుసు.

2008లో ఆ పేట పిల్లే మానస, పనిచేసే ఇంట్లో గొలుసు పోయిందని జైలుపాలైంది. మళ్లీ అదే వయసు తగాదా. ఈసారి మెర్సీయే అయ్యగారికి కబురు పెట్టింది. పోతే పోనీ సర్టిఫికెట్టు అనుకుంది. అవతలి ప్లీడరు రిజిస్టరు అందుకుంటుంటే ఆమె ఆయన వేళ్ల వంకే చూస్తూ నిలబడింది. ఆయన మానస పేరున్న వరస చూశాడు, “అభ్యంతరం లేదండి” అని మూసేశాడు. ఒక్క కాగితమైనా వెనక్కి తిప్పలేదు. అంతా కలిపి రెండు నిమిషాలు. సాయంత్రానికి మానస ఇంటికెళ్లిపోయింది.

మెర్సీ కోర్టు వరండా బల్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషం కాబోలనుకుని అయ్యగారు దేవుడికి స్తోత్రం చెప్పారు.

ఫిన్నీ ఇప్పుడు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తాలు మోస్తున్నాడు. ఆమె రెండుసార్లు వెళ్లి కలిసింది. రెండుసార్లూ వాడు బస్తా దించి, తలగుడ్డ తీసి నమస్కారం పెట్టాడు.

“బాగున్నారాండీ?” అన్నాడు. అక్కా అని పిలవలేదు.