ఒంటికత్తి పరీక్ష

"...అడవుల్లో తిరిగేవాళ్ళ సంగతి వేరండీ! మన గుమ్మం దగ్గర్నుంచి పొలిమేర దాకా రొయ్యల చెరువులే కదా, దేన్ని నరుకుతారు ఆ కత్తితో?"

"నరకడానికి కాదు మంజుషా, బతకడానికి."

"ఇప్పుడు బతకట్లేదేంటి?"

బుల్లిరాజు కత్తి ఒరను నడుముకు కట్టుకున్నాడు. మెట్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు బిగించుకున్నాడు. భార్య చేతిలో ఉన్న టిఫిన్ డబ్బా వంక చూడకుండా కారెక్కాడు.

భీమవరం దగ్గర ఆయనకు పద్దెనిమిది ఎకరాల చెరువులున్నాయి. వయసు యాభై మూడు. చుట్టుపక్కల ఆరేడు ఊళ్ళలో ఆయన మాటకు విలువ ఉంది. కొత్త మేత వచ్చినా, కొత్త మందు వచ్చినా, రైతులు కంపెనీవాళ్ళు చెప్పేదంతా ఓపిగ్గా విని, చివర్న "రాజుగారు వాడారా?" అని అడుగుతారు. ఆయన "వాడి చూశాను" అంటే కొంటారు. వాడకుండా ఆ మాట ఆయన ఎన్నడూ అనలేదు. ఒక కంపెనీ బ్యాంకాక్‌కు టిక్కెట్లు పంపినప్పుడు కూడా అనలేదు.

రెండేళ్ళ క్రితం చెరువు గట్టు మీద షెడ్డులో ఫోను చూస్తుంటే ఒక వీడియో కనిపించింది. ఎవరో విదేశీయుడు మంచులో ఒకే ఒక్క కత్తితో గుడిసె కట్టుకుని, చేప కాల్చుకు తిన్నాడు. మామూలుగా నలభై డిగ్రీల ఎండలో బతికే బుల్లిరాజుకు అది చాలా అవసరమైన విద్య అనిపించింది. ఇప్పటికి పదకొండు కత్తులు తెప్పించాడు. కాగితం మీద, టొమాటో మీద, తాడు మీద, ఎడమ చేతి వెంట్రుకల మీద ఒక్కొక్కదాన్నే పరీక్షించాడు. ఆ చెయ్యి మోచేతి దాకా నున్నబడింది. పెళ్ళిళ్ళకు ఆయన పొడుగు చేతుల చొక్కాలు వేసుకోవడం మొదలుపెట్టాడు.

ఆయన వల్ల ఇంకో ఇరవై రెండుమందికి ఈ ఇష్టం అంటుకుంది. వాళ్ళ వాట్సాప్ గ్రూపు పేరు 'బుష్‌క్రాఫ్ట్ మిత్రులు', అంటే అడవిలో బతికే విద్య నేర్చినవాళ్ళు. ఏడాదికి రెండుసార్లు మారేడుమిల్లి అడవికి వెళ్తారు. అక్కడ రిసార్టువాళ్ళు బొంగులో చికెన్ కాలుస్తుంటే, వీళ్ళు నడుముకు కత్తులు కట్టుకుని చుట్టూ నిలబడి ఫొటోలు దిగుతారు. ఈసారి అందరికీ ఒకే రకం కత్తి ఉండాలని, దాని మీద ఎవరి పేరు వాళ్ళు చెక్కించుకోవాలని తీర్మానించారు. అన్ని పనులకూ పనికొచ్చే ఆ ఒక్క కత్తి ఏదో చెప్పే బాధ్యత బుల్లిరాజుది. సోమవారం ఆర్డరు పెట్టాలి.

పది కత్తులు బల్ల మీదే ఓడిపోయాయి. పదకొండోది మిగిలింది. కానీ అది ఇంకా ఆరుబయట పని చెయ్యలేదు. చెయ్యకుండా ఆయన 'వాడి చూశాను' అన్న ఆ రెండు మాటలూ అనలేడు. అందుకే ఆదివారం పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా వశిష్ఠ గోదావరి మధ్యలో లంక మీద ఆ కత్తి తప్ప వేరే ఆధారం లేకుండా ఉంటానని గ్రూపులో ప్రకటించాడు.

రేవులో పడవ నడిపే సత్తియ్య ఆయన్ని ఎక్కించుకున్నాడు.

"ఒక్కరేనాండీ?"

"ఒక్కణ్ణే."

"భోజనం క్యారేజీ మర్చిపోయినట్టున్నారండి."

"అక్కర్లేదు."

"ఇంట్లో చెప్పే వచ్చారాండీ?"

"చెప్పాను. గొడవైంది."

సత్తియ్య ఆయన్ని ఇసక మీద దింపి, లంక రెండో కొసకు గబగబా పడవ నడిపాడు. అక్కడ అతని భార్య సూరమ్మ వంగతోటలో ఉంది.

బుల్లిరాజు ఫోనును స్టాండుకు బిగించి వీడియో మొదలుపెట్టాడు. మంట రాజేయడానికి ఎండు తుమ్మకొమ్మను ఈకల్లాగా సన్నగా చెక్కాడు. మొదటి అరగంట బాగానే సాగింది. తర్వాత బొటనవేలి మీద బొబ్బ లేచింది. ఒర కొనేటప్పుడు ఉచితంగా ఇచ్చిన నిప్పుకడ్డీని కత్తి వీపుతో గీస్తే రవ్వలు వచ్చాయి కాని మంట రాలేదు. ఫోను ఆపేసి, కత్తి ఒళ్ళో పెట్టుకుని, ఏటిలోకి చూస్తూ కూర్చున్నాడు.

సూరమ్మ ఆయాసపడుతూ వచ్చి పక్కనే కూలబడింది.

"రాజుగారండీ, నమస్కారమండి. ఎండలో కూకున్నారేంటండీ?"

"పని మీద వచ్చానమ్మా."

"ఆ కత్తితోనాండీ?"

"దీంతోనే."

"చెరువులెలా ఉన్నాయండీ?"

"ఒకటి పోయింది. తెల్లమచ్చ తెగులు."

సూరమ్మ తల పంకించింది. "చెరువు పోతే ఇంకో పంట ఏసుకోవచ్చండి. మడిసి పోతే ఏటేసుకుంటామండీ?"

బుల్లిరాజుకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. "అయ్యో, అదేం కాదమ్మా! దీంతో సాయంత్రం దాకా బతకాలని వచ్చాను."

"సాయంత్రం దాకానేనాండీ!" ఆమె ఇంకా దగ్గరకు జరిగింది. "ఏదీ, ఓసారి చూడనివ్వండి."

ఆయన సంతోషంగా పిడి అటు తిప్పి చాపాడు.

"చేతికిస్తారేంటండీ! తగువులొస్తాయి. కింద పెట్టండి."

చిన్నప్పటి నుంచీ ఇంట్లో కత్తయినా కొడవలయినా అలాగే ఇస్తారు, అలాగే తీసుకుంటారు. ఆయన ఇసక మీద పెట్టాడు. సూరమ్మ దాన్ని తీసి నడుం దగ్గర చీరలో దోపుకుని లేచింది.

"పదండి, భోంచేద్దురుగాని."

"ఇవాళ నేను ఎవరింటా తినకూడదమ్మా."

"మా చేతి కూడు తినరాండీ?"

బుల్లిరాజు స్టాండు మీది ఫోను తీసి జేబులో వేసుకున్నాడు. లేచి ఆమె వెనకాల నడిచాడు.

పాక దగ్గర సూరమ్మ ఆ కత్తిని కంటికి దూరం చెయ్యదలచుకోలేదు. అన్ని పనులూ దాంతోనే చేసింది. తుమ్మమొద్దు మీద పెట్టి, కత్తి వీపున దుడ్డుకర్రతో రెండు దెబ్బలు వేస్తే మొద్దు రెండుగా చీలింది. వీడియోలో విదేశీయుడు అచ్చం అలాగే చేశాడు, కాకపోతే పన్నెండు నిమిషాలు మాట్లాడాక. అగ్గిపుల్లతో పొయ్యి అంటించింది. రెండు చేపలకు పొలుసు తీసింది. వంకాయల దగ్గర ఆగింది.

"వీపు మందమండి. తెగట్లేదు, చీలిపోతంది."

బుల్లిరాజు పీట ముందుకు జరుపుకున్నాడు. "ఇంకా?"

"తడి చేత్తో పట్టుకుంటే జారిపోతంది. చేప కడుపు మట్టుకు బాగా కోసింది. కొబ్బరిబొండం కొట్టలేమండి దీంతో, బరువు చాలదు."

ఈ సంగతుల్లో సగం పదకొండు కత్తుల వీడియోల్లో ఎవరూ చెప్పలేదు. ఆయన పులుసన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

సత్తియ్య ఈలోగా గట్టు మీద ఎవరినో పట్టుకుని రాజుగారింటికి ఫోను చేయించాడు. మూడింటికి మంజుష పడవ దిగింది. సూరమ్మ కత్తిని కడిగి, తుడిచి, ఆమె కాళ్ళ ముందు నేల మీద పెట్టింది.

"మీరే దాచండమ్మా. నాలుగు రోజులు ఓ కంట కనిపెట్టండి."

"రెండేళ్ళుగా కనిపెడుతూనే ఉన్నానమ్మా" అంది మంజుష.

తిరుగు పడవలో బుల్లిరాజు ఫోను తెరిచాడు. గ్రూపులో నలభై మెసేజీలున్నాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: రాజుగారూ, వాడారా?

మంజుష వీడియో చూసింది. "చెక్కుడు బాగానే వచ్చిందండి. ఈ అరగంటా పెట్టేయండి. మిగతాది ఎవరు అడగొచ్చారు?"

ఆయన 'వాడి' అని కొట్టాడు. 'చూశాను' అని కొట్టాడు. బొబ్బలేచిన వేలు మెసేజీ పంపే గుర్తు మీద కాసేపు ఆగింది. తర్వాత రెండు మాటలూ చెరిపేశాడు.

"సత్తియ్యా, వచ్చే ఆదివారం సూరమ్మగారికి తీరికేనా?"

"వంకాయలు కోసేశాక తీరికేనండి. ఏమండీ?"

బుల్లిరాజు ఒక్కొక్క అక్షరమే కొట్టి, ఒకసారి చదువుకుని, పంపాడు.

"ఆర్డరు ఆపండి. వచ్చే ఆదివారం అందరూ మీ మీ కత్తులు తీసుకుని లంకకు రావాలి. ఏ కత్తి కొనాలో సూరమ్మగారు చెబుతారు."