తువ్వాల కింది ధర

ఫ్యాక్సు మిషను ఊరికొక్కటి ఉన్న ఆ రోజుల్లో ఉత్తరానికి రహస్యమనేది ఉండేది కాదు. మేడ్చల్ బస్సు డిపో ఎదురుగా దాన్ని నడిపేవాడిని అందరూ హలో అన్న అనేవారు. వచ్చిన ప్రతి కాగితాన్నీ ముందు తాను చదివి, బాగుంటే చాయ్ తాగేవాళ్లకు వినిపించి, ఆ తర్వాతే మన చేతికిచ్చేవాడు (చదివినందుకు వేరే పైసలు తీసుకునేవాడు కాదు, అది అతని మంచితనం). నేనప్పుడు డిగ్రీ ముగించి, టైపు లోయరు పాసై, రావల్కోల్‌లో మా పెద్దబాపు (పెదనాన్న) అంగూర్ తోటకు ఇంగ్లిషు ఉత్తరాలు రాసేవాడిగా కుదిరాను. ఏటా సిటీ సేటు ఒకడు తోట పండేదాకా ఇటు తొంగిచూడకుండా ఉండి, మబ్బు పట్టగానే దిగి, రాళ్లవాన పడితే ఇదీ రాదు పటేలా అంటూ తన ధరకే కాయంతా కోయించుకుపోయేవాడు. ఈసారి ఆ సేటుకు ఒక్క ద్రాక్ష గుత్తి కూడా ఇవ్వకూడదని పెద్దబాపు పంతం. అందుకే ఎక్కడో చిరునామా సంపాదించి, దుబాయిలో ఒక పండ్ల వ్యాపారికి నాతో రాయించాడు.

వారం తిరగకముందే జవాబొచ్చింది. ఏ రకం, పెట్టెకెన్ని కిలోలు, ఎంత సరుకుంది, ఎప్పుడు పంపగలరు, ధర ఎంత. ఉత్తరాలు నేర్పే పుస్తకం ముందేసుకుని, తమరి అమూల్యమైన లేఖ అందుకుని ధన్యులమైతిమి అంటూ అర పేజీ మర్యాదలు చేసి, నాలుగింటికి జవాబులు కొట్టి, ఐదోది అడిగితే పెద్దబాపు నన్ను జాలిగా చూశాడు. పశువుల అంగట్లో ముదిరిన మనిషి. అక్కడ బేరమంటే ఇద్దరి చేతులూ తువ్వాల కింద పెట్టి, ఒకరి వేళ్లు ఒకరు నొక్కి ధర చెప్పుకోవడమే. చుట్టూ ఎంతమంది ఉన్నా మూడో మనిషికి అంతుపట్టదు.

"ధర కాగితం మీద రాస్తరార? ముందు హలోగాడు సదువుతడు, పొద్దుగూకెవరకు సేటుకు తెలుస్తది. ఇగ బేరమేముంటది?"

"మరేం రాయాలె పెద్దబాపూ?"

"రమ్మను. చేతుల చెయ్యి వెడితే చెప్తనని రాయి."

ఆ పుస్తకంలో అలాంటి ఉత్తరం లేదు. 'దయచేసి రండి, ధర చేతితో చెప్పబడును' అని ఇంగ్లిషులో కొట్టుకుని వెళ్తే హలో అన్న చదివి, "ఏంది తమ్మీ, అంగూర్ అమ్ముతున్నరా, సంబంధం మాట్లాడుతున్నరా?" అన్నాడు. దుబాయి నుంచి మళ్లీ ధరే అడిగారు. మేము మళ్లీ రమ్మన్నాం. మూడోసారి వచ్చిన కాగితంలో 'ధర?' అన్న ఒక్క మాటే ఉంది. ఆపైన ఏమీ రాలేదు. కాయ తీపెక్కింది, పడమట మబ్బు లేచింది, సేటు కారు తోట గేటు ముందు ఆగింది. పెద్దబాపు మంచం మీంచి లేవలేదు. సేటు మాత్రం తనే ఒక కుర్చీ తెప్పించుకుని తీరిగ్గా కూర్చున్నాడు.

మర్నాడు ఒక అద్దె అంబాసిడర్‌లో తెల్లగడ్డం పెద్దమనిషి దిగాడు, ఆ దుబాయి వ్యాపారే. శామీర్‌పేట తోటలు చూసేందుకొచ్చాడట. ధర రాయనన్న మనిషిని మాత్రం ఇన్నేళ్ల వ్యాపారంలో చూడలేదని, ఎవరో చూసిపోదామని ఇటు తిరిగాడట. పెద్దబాపు తన హైదరాబాదీ ఉర్దూలో కుశలం అడిగి, జొన్నరొట్టె పెట్టించి, పందిరి కింద కూర్చోబెట్టి, భుజం మీది తువ్వాల తీసి పరిచాడు. ఆ పెద్దమనిషి దాన్ని కాసేపు చూసి, మెల్లగా నవ్వి, చెయ్యి కింద పెట్టాడు. వాళ్ల నాయిన సముద్రపు ముత్యాలకు ఇట్లాగే బేరం చేసేవాడట. ఏ వేలు ఎంతో ముందుగా ఒప్పుకుని, ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. తువ్వాల కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. ఆ పూటా వచ్చి అవతల కుర్చీలో కూర్చున్న సేటు మెడ చాచాడు, నేనూ చాచాను. చేతులు బయటికొచ్చాయి.

"రేపు కోత పెట్టు," అన్నాడు పెద్దబాపు నాతో.

ఖరారు ఉత్తరంలో ధర ఎంతని రాయాలో అడిగితే ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. 'మాట్లాడుకున్నట్లే' అని కొట్టాను.

తర్వాత పత్రికలో చేరి ఏళ్ల తరబడి బజారు ధరలు రాశాను. ఇప్పుడా తోట ప్లాట్లయింది, గజం ధర మనిషెత్తు అక్షరాలతో బోర్డు మీదుంది. పెద్దబాపు పోయేముందు ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఆనాడు ఎంతకు తెగిందని. ఆయన తువ్వాల నా చేతి మీద కప్పి, నా వేళ్లు వరసగా నొక్కి, తెలిసిందా అన్నట్టు చూశాడు. తెలిసిందన్నట్టు తలూపాను. ఆ నొక్కులు ఇంకా గుర్తున్నాయి. చదవడమే రాదు.