ఫ్యాన్ ఆపిన రోజులు

రాజమండ్రిలో నేను పనిచేసిన మట్టి పరీక్షల ల్యాబుకు మేడమ్ గారు ఇన్‌చార్జి. ఏడాదికోసారి ల్యాబుల పనితీరు పరీక్షించే సంస్థవాళ్లు ఒకే రాతిపొడిని చాలా ల్యాబులకు పంపి, ఎవరి ఫలితం సరిగా వస్తుందో చూసేవారు. ఆ పొట్లం వచ్చిన రోజు ఆవిడ తలుపులు వేయించి, పొడి ఎగిరి తూకం తప్పకుండా ఫ్యాన్ ఆపించి, కొంగుతో చెమట తుడుచుకుంటూ స్వయంగా తూచేవారు. తర్వాత సర్టిఫికెట్ వస్తే, "పాసయ్యామండి" అనేవారు, కరెంటు పోయిందని చెప్పినట్టు. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించేవాళ్లం.

మిగతా రోజుల్లో రైతుల మట్టి ఫ్యాన్ కిందే తూచేవాళ్లం. ఆ ఉక్కలో మరోలా కుదిరేది కాదు.

ఒక వేసవిలో భీమవరం వైపు నుంచి రొయ్యల రైతు ఒకాయన వచ్చాడు. అంతకుముందే, మట్టి బాగుందన్న మా రిపోర్టు నమ్మి చెరువు తవ్వాడట. రొయ్యలన్నీ చచ్చిపోయాయి. అదే మట్టిలో రాగి మోతాదు మించి ఉందని వేరే ల్యాబులో తేలింది. ఆయన కోప్పడలేదు. గోడమీది ఫ్రేములు చూపించి, "అవి చూసే మట్టి మీకిచ్చానండి" అన్నాడు.

మేడమ్ గారు వాటినే చూస్తూ, "అవి ఫ్యాన్ ఆపిన రోజులవండి" అన్నారు. లేచి వెళ్లి ఫ్యాన్ స్విచ్చి మీద చెయ్యి వేశారు.

ఆయనకేమీ అర్థం కాలేదు.

"ఉండనివ్వండి మేడమ్ గారూ, ఉక్కగా ఉంది" అన్నాడు.